మింకో ఎత్తని మూత

మూత పెట్టిన వస్తువు కంటపడితే మింకో చెయ్యి ఊరుకోదు. అది కుండ కానీ, గోడ గడియారం కానీ, ఊళ్ళోకి కొత్తగా వచ్చిన బస్సు కానీ, మూత తీసి లోపలికి తొంగిచూస్తే తప్ప ఆయనకు ముద్ద దిగదు. దోల్నా రకీతా అనే ఆ ఊళ్ళో నడక వచ్చిన పిల్లలకు మొదట నేర్పేవి రెండే సంగతులు. పడుకున్న కుక్క తోక తొక్కకూడదు. మింకో వీధిలోకి వస్తే వంటింటి తలుపు తీసి ఉంచకూడదు.

ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు ఇంకా చర్చి మెట్లు దిగకముందే మింకో విందు పొయ్యిల దగ్గరకి చేరి, గొర్రెమాంసం మగ్గుతున్న కుండ మూత ఎత్తి, "ఉప్పు తక్కువ" అన్నాడు. తక్కువే. అయినా పెళ్ళికూతురి తల్లి ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. ఇంకోసారి గవ్రీల్ ఫాదరుగారి ధూపపు గిన్నె మూత తీసి చూసి, "కొక్కెం అరిగిపోయింది స్వామీ, పండక్కి ఆగదు" అన్నాడు. ఫాదరుగారు నవ్వేశారు. ఈస్టరునాడు ఆ గిన్నె గొలుసు తెంచుకుని ఎగిరి, ముందువరసలో కూర్చున్న మేయరు ఒళ్ళో సాంబ్రాణి పొగతో సహా వాలింది. ఆ ఊళ్ళో శవపేటికను అంత్యక్రియలు ముగిసేదాకా తెరిచే ఉంచుతారు. లేకపోతే అక్కడ కూడా ఏం జరిగేదో చెప్పలేం.

"ఎందుకు బాబాయ్ నీకీ రోగం?" అని లైబ్రరీ చూసుకునే ఇవెలీనా ఒకసారి అడిగింది.

"రోగం కాదమ్మాయ్. లోపలేముందో చూడనిస్తే ఆ వస్తువు నాది. చూడనివ్వకపోతే నేనే దాని సొత్తు" అన్నాడు మింకో, ఆమె టిఫిన్ డబ్బా మూత తీస్తూ.

ఊరంతా ఈ పిచ్చికి నవ్వేది. నవ్వనిది స్తామెనా ఒక్కతే.

స్తామెనా ఎనభయ్యో ఏటికి చేరువైనా వెన్ను వంచని మనిషి. చదివింది పల్లెబడిలో నాలుగు తరగతులే. అయితేనేం, ఏడు ఊళ్ళ పాటలు కంఠతా వచ్చు. ఊరి చితాలిష్టేలో, అంటే పుస్తకాలూ పాటలూ నాటకాలూ పుకార్లూ అన్నీ ఒకే కప్పుకింద దొరికే ఆ ఊరుమ్మడి ఇంట్లో, నలభై ఏళ్ళు పాటల బృందాన్ని నడిపింది. పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో జిల్లా పోటీల్లో మొదటి బహుమతి. డెబ్బై ఎనిమిదిలో మళ్ళీ మొదటి బహుమతి. ఆమె గొంతు కోసం రేడియోవాళ్ళు బురదలో కారు తోసుకుంటూ వచ్చారు. ఈ సంగతులన్నీ ఆమె ఎక్కడా చెప్పుకోదు, ఎవరైనా కనిపిస్తే తప్ప. కసాయి కొట్లో కూడా, "డెబ్బై నాలుగులో మొదటి బహుమతి పట్టుకున్న చేతిలో ఇలాంటి ఎముకా పెట్టేది?" అంటుంది. తాళం తప్పితే ఆమెకు ఒళ్ళు మంట. తాళం తప్పిన మనిషిని వరసలోంచి గెంటేసింది. తాళం తప్పిన చర్చి గంట గురించి బిషప్పుకి కబురు పెట్టింది. మొన్న చలికాలంలో పాటల సాధన మధ్య, మూలన షెల్ఫుమీద తాళానికి సంబంధం లేకుండా మిణుకుమిణుకుమన్న పచ్చదీపపు డబ్బా ఒకదానికి కూడా ఆమె తగిన శాస్తి చేసింది.

అలాంటి స్తామెనా ఇంటికి, ఊళ్ళో ఏది పాడైనా బాగుచేసే మింకో ఒకరోజు రేడియో బాగుచెయ్యడానికి వచ్చాడు. రేడియో ముందుగదిలో ఉంటే ఆయన తిన్నగా వంటింట్లోకి నడిచాడు. పొయ్యిమీద కుండ మూత ఎత్తాడు. చూశాడు. మూశాడు.

"దొంగపిల్లిలా ఏం చూశావురా?"

"ఆవిరి, అక్కా."

నిజంగానే ఆవిరి. భర్త త్సాంకో పోయాక, ఒక్క ప్రాణానికి వంటేమిటని ఆమె రొట్టె, పెరుగుతో కానిచ్చేస్తోంది. కానీ వంటింటి కిటికీకి ఆవిరి పట్టకపోతే ఎదురింటి రాయ్నా ఏమనుకుంటుంది? అందుకని రోజూ పద్ధతిగా కుండలో వట్టి నీళ్ళు మరిగించేది. మింకో ఇంకేమీ అనకుండా రేడియో విప్పి, బాగుచేసి, పోయాడు. వారంపాటు ఆమెకు ఆ అవమానం మండుతూనే ఉంది.

అదృష్టం ఏమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరికి ఆమె విలువ తెలిసొచ్చింది. మర్నాడే రాయ్నా గిన్నెడు కూరిన మిరపకాయలతో గుమ్మంలో నిలబడింది. "కాస్త ఎక్కువ వండేశాను పెద్దమ్మా, మీరు తీసుకోవాలి" అంది. తరవాత రొట్టెల దుకాణంవాడి భార్య పొరలు పొరలుగా చీజు కూరిన బానిత్సా తెచ్చింది. "కాస్త ఎక్కువైపోయింది" అంది. ఆ తరవాత చిక్కుడు గింజల చారు వచ్చింది, అదీ ఎక్కువయ్యే. స్తామెనా మహారాణి కప్పం అందుకున్నట్టు అన్నీ అందుకుంది.

"గొంతుకి చేసే మర్యాద ఇది. యాభై ఏళ్ళు పట్టింది వీళ్ళకి, పోనీలే" అని గోడమీది త్సాంకో ఫోటోతో చెప్పింది.

ఇలా ఉండగా చితాలిష్టేకి స్కానర్ వచ్చింది. అధ్యక్షుడు ప్రోదనోవ్ స్వయంగా పట్నం వెళ్ళి కొనుక్కొచ్చిన తెల్లటి స్కానర్. తీగ అక్కర్లేదట, గాల్లోనే కంప్యూటర్‌తో మాట్లాడుతుందట. చిక్కల్లా ఆ కంప్యూటర్ దగ్గర వచ్చింది. లైబ్రరీలో పాత కంప్యూటర్లు నీరసించి పారేసే దశకొస్తే, మింకో వాటిలో లినక్స్ అనే ఉచితం సిస్టం ఎక్కించి నిలబెట్టాడు. అవి అప్పట్నుంచీ బాగానే పరిగెడుతున్నాయి కానీ ప్రోదనోవ్‌కి వాటిమీద గురి లేదు. డబ్బు అడగని వస్తువు మంచిదై ఉండదని ఆయన నమ్మకం.

"ఎవరిదయ్యా ఈ లినక్స్?" అని అడిగాడు.

"అందరిదీ. మూత లేని సిస్టం ఇది. లోపలేముందో ఎవడైనా చూడొచ్చు, పాడైతే బాగుచేసుకోవచ్చు."

"అందరిదీ అంటే ఎవడిదీ కాదన్నమాట. పాడైతే ఎవణ్ణి తిట్టాలి?"

"నన్ను తిట్టండి."

"అది ఎప్పుడూ తిడుతున్నదే" అన్నాడు ప్రోదనోవ్.

స్కానర్ తొందర అంతా మే ఇరవై నాలుగు గురించి. ఆ రోజు అక్షరాల పండుగ. ఊరి పాత ఫోటోలన్నీ గోడంత పెద్ద తెరమీద వెయ్యాలని సంకల్పం. స్తామెనా దగ్గర ఒకే ఒక్క ఫోటో ఉంది, డెబ్బై నాలుగు నాటిది. వేదికమీద ఎర్ర ఏప్రన్లతో తొమ్మిదిమంది ఆడవాళ్ళు, నోళ్ళన్నీ ఒకే స్వరం దగ్గర తెరుచుకుని. కుడివైపు చివర స్తామెనా. ఆ తొమ్మిదిమందిలో ఇప్పుడు మిగిలింది ఆమె ఒక్కతే. మిగతా ఎనిమిదిమందినీ ఒక్క పూట మనిషెత్తున తన పక్కన నిలబెట్టుకోవాలని ఆమె కోరిక. నోటితో మాత్రం, "కుర్రకారుకి పాడేటప్పుడు ఎలా నించోవాలో తెలియాలి కదా" అంది.

ఆ ఫోటోని పట్నం స్టూడియోకి పంపడానికి మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. ఒకప్పుడు పెళ్ళి ఫోటో అక్కడికే పంపితే, వేరేవాళ్ళ పెళ్ళి తిరిగొచ్చింది. పెళ్ళికొడుకు బాగానే ఉన్నాడు కానీ త్సాంకో కాదు.

"స్కాన్ ఇక్కడే, నా కళ్ళముందే జరగాలి" అని ఫోటోని గుండెకు హత్తుకుని లైబ్రరీలో కుర్చీ వేసుక్కూర్చుంది.

మింకో మొదట స్కానర్ పైమూత తీశాడు, అది తియ్యాల్సిందే. తరవాత వెనకమూత తీశాడు. ఆ తరవాత కిందమూత కూడా తీశాడు, అది తియ్యనక్కర్లేదు. స్కానర్‌తో వచ్చిన డ్రైవర్ ఎక్కించబోతే అది ఏవేవో షరతులకు ఒప్పుకోమంది, లోపలేముందో చూపించనంది. "మూతికి కుట్లు వేసుకున్నవాడితో కాపురం నావల్ల కాదు" అని దాన్ని పక్కకి నెట్టాడు. వెదగ్గా వెదగ్గా, ఈ స్కానర్‌కి డ్రైవర్ అవసరమే లేదనీ, అన్ని యంత్రాలకూ తెలిసిన ఉమ్మడి భాష దానికీ వచ్చుననీ తేలింది. లినక్స్‌కి ఆ భాష ముందే వచ్చు. ఇంకేం, మీట నొక్కాడు.

తెరమీద ఒక్క ముక్క వచ్చింది: స్కానర్ ఏదీ కనబడలేదు.

"కళ్ళెదురుగా బర్రెలా ఉంటే కనబడదేం?" అంది స్తామెనా.

"దానికి కళ్ళు లేవక్కా. రౌటర్ పిలిస్తే పలుకుతుంది, అంతే. అమ్మాయ్, రౌటర్ ఎక్కడుంది?"

"పాత సామాన్ల మూలలో, షెల్ఫుమీద, ఎప్పుడూ ఉండేచోటే బాబాయ్" అంది ఇవెలీనా తలెత్తకుండా. "ఇంటర్నెట్ గుర్రంలా పరిగెడుతోంది కదా."

పరిగెడుతోంది. కంప్యూటర్‌కి తీగ ఉంది మరి. ఆ తీగ గోడవెంట వెళ్ళి పక్క హాల్లో కుట్టుపువ్వుల తెర వెనక్కి దూరింది. తెర వెనక ఉన్నది స్తామెనా రాజ్యం: మగ్గం, రాట్నం, పెళ్ళి ఏప్రన్లు, అన్నిటికీ నడుమ ఆమె అమ్మమ్మ నాటి పెద్ద రాగి గుండిగ, దానిమీద డాలులాంటి మూత. దాని పక్కన "ముట్టుకోవద్దు" అని బోర్డు. ఆ బోర్డు పెట్టిందే మింకో కోసం. అంతకుముందు ఒకసారి ఆయన ఆ మూతమీద చెయ్యి వేస్తే స్తామెనా చెక్క గరిటెతో వేళ్ళమీద ఒక్కటి ఇచ్చింది. మింకో ఇప్పుడు తెరదాకా వెళ్ళి, గరిటె గుర్తొచ్చి, వేళ్ళు రుద్దుకుంటూ వెనక్కి వచ్చేశాడు.

రోజులు గడిచాయి. మింకో లినక్స్‌ని రకరకాలుగా అడిగాడు. బతిమాలాడు. దాని కాపలా గోడలు దించాడు, మళ్ళీ ఎత్తాడు. ఎక్కడెక్కడో దేశాల్లో ఉన్న లినక్స్ మనుషుల్ని అడిగితే, పోర్చుగల్‌నుంచి ఒకాయన, ఫిన్లాండ్‌నుంచి ఒకావిడ పనులు మానుకుని సలహాలు రాశారు. అన్నీ మంచి సలహాలే. తెరమీద మాత్రం అదే ముక్క.

"మొదటి బహుమతికి మేం కూడా ఇంత కష్టపడలేదురా" అంది స్తామెనా.

పండగ రెండు రోజులుందనగా ఒక వింత జరిగింది. స్తామెనా తన మూలలో కూర్చుని ఉప్పూ వెనిగరూ వేసి గుండిగ మూత తోముతోంది. పక్కగదిలోంచి మింకో కేక పెట్టాడు. "అక్కా! వచ్చింది! కనబడింది! ఫోటో ఎక్కుతోంది, రా!"

స్తామెనా ఆనందంతో మూతని ఠంగుమని గుండిగమీద పడేసి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. తెరమీద ఎర్ర ఏప్రన్లు ఒక్కటొక్కటే ఎడమనుంచి వస్తున్నాయి. ఒకరు, ఇద్దరు, నలుగురు. అయిదో ఆవిడ ముక్కు దగ్గర బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు.

"నేనేనా కనబడనిది?" అంది స్తామెనా.

"నువ్వు కుడి చివరున్నావు కదక్కా. ఎడమనుంచి వస్తోంది."

"నలభై ఏళ్ళు బృందాన్ని నడిపింది నేను. నన్ను చివర్న తెచ్చే మిషనూ ఒక మిషనేనా?"

అదే అదనుగా ప్రోదనోవ్ లోపలికొచ్చాడు. "రేపు సాయంత్రందాకా చూస్తా. అప్పటికీ పనిచెయ్యకపోతే మీ ఉచితం సిస్టం పీకించేసి, డబ్బు పోసి కొన్నది పెట్టిస్తా. ఫోటో పండగ పొద్దున మొదటి బస్సులోనే పట్నం పోతుంది."

"ఏ స్టూడియోకి?" అంది స్తామెనా.

"పట్నంలో ఉన్నది ఒకటేగా."

మర్నాడు మధ్యాహ్నం ఆమె దిగులుగా చితాలిష్టే మెట్లమీద కూర్చుంది. పక్కన దోబ్రి ముసలాయన కూర్చుని ఎండ కాచుకుంటున్నాడు. దోబ్రి జన్మలో ఒక్క పాట పాడలేదు. బడిలో పాడబోతే మాస్టారే దణ్ణం పెట్టి ఆపించారు.

"మీ మింకో ఉన్నాడే, మర్యాద తెలీని మనిషి" అని దోబ్రి మొదలెట్టాడు. "టీవీ చూడమని పిలిస్తే నా కుండ మూత తీస్తాడా! అందులో ఏముందీ, మొన్నటి బంగాళాదుంప ఒకటి."

"నా ఇంట్లోనూ అంతే. సిగ్గు లేదు."

"ఊరు మాత్రం మంచిదిలే. ఆ మర్నాడే రాయ్నా కూరిన మిరపకాయలు తెచ్చిచ్చింది. కాస్త ఎక్కువ వండేసిందట. తరవాత బానిత్సా. అదీ ఎక్కువైందట."

స్తామెనా మెడ మెల్లిగా అటు తిప్పింది. "నీకా? నీకెందుకు తెచ్చారు?"

"ఏమో."

"నీకేమైనా బహుమతి వచ్చిందా ఎప్పుడైనా?"

"నాకా? తిరనాళ్ళలో ఒకసారి కోడిపుంజు తగిలింది. అదీ పక్కవాడిదని తేలింది."

స్తామెనా లెక్క వేసుకుంది. కోడిపుంజు కూడా దక్కనివాడికి ఊరు కప్పం కట్టడమేమిటి? ఆయన కుండ మూత ఎత్తిన మర్నాడే మిరపకాయలు. తన కుండ మూత ఎత్తిన మర్నాడే మిరపకాయలు. రాయ్నాకి వండడం వచ్చు, కొలత కూడా వచ్చు. ఇన్నిసార్లు ఎక్కువ వండేంత తెలివితక్కువది కాదు.

"ఆవిరి, అక్కా" అన్నాడు వెధవ. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పాడు, ఇంకో పురుగుకి తెలియనివ్వలేదు.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. మింకో కంప్యూటర్ ముందు గడ్డం చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం కావస్తోంది. బయట ప్రోదనోవ్ కారు ఆగిన చప్పుడైంది.

"అన్ని మూతలూ తీసి చూశావా?" అంది స్తామెనా. గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది.

"అన్నీ చూశానక్కా. ఈ ఇంట్లో నేను ఎత్తని మూత ఒక్క నీ గుండిగదే."

థాంక్స్ చెప్పడం స్తామెనాకి ఎవరూ నేర్పలేదు. పల్లెబడిలో ఆ పాఠం అయిదో తరగతిలో ఉండి ఉండాలి.

"అయితే రా. అదీ ఎత్తు" అంది.

"గరిటె?"

"ఇంట్లో ఉంది. నా మనసు మారకముందే ఎత్తు."

మింకో నమ్మలేనట్టు వెళ్ళి, రెండు చేతులా ఆ మూతని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తాడు. గుండిగ అడుగునుంచి పచ్చగా, తాళం తప్పుతూ, రౌటర్ మిణుకుమంది.

అదే క్షణంలో పక్కగదిలో స్కానర్ కీచుమని నిద్రలేచింది.

ఇద్దరూ గుండిగలోకి చూశారు. తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తాళం తప్పి మిణుకుమంటోందిరా" అంది స్తామెనా చిన్నగా. "పాటలు పాడనిచ్చిందా? అందుకని లోపల పెట్టి మూసేశాను. ఇదా ఆ రౌటర్ అంటే?"

"ఇదే అక్కా. రాగి మూతకింద గాలిమాట బయటికి రాదు."

"నన్ను అడగొచ్చుగా?"

"గరిటె అక్కా."

ప్రోదనోవ్ లోపలికి వచ్చేసరికి తెరమీద తొమ్మిదో ఏప్రన్ కూడా వచ్చేసింది. కుడి చివర ఇరవై ఎనిమిదేళ్ళ స్తామెనా నోరు తెరిచి నిలబడి ఉంది. ఆయన తెల్లబోయాడు. "ఎక్కడుందయ్యా తప్పు?"

స్తామెనాకి తన బహుమతుల జాబితాలో ఇది కూడా చేరుతుందేమోనని మొదటిసారి భయం వేసింది.

"లోపల ఒక మూత బిగుసుకుంది. అక్క చూపిస్తే వదులు చేశాను" అన్నాడు మింకో.

"స్తామెనాగారా?"

"నేనే. మాకు తెలీని విద్యేముంది? డెబ్బై నాలుగులోనే..." అని ఆమె అందుకుంది. ప్రోదనోవ్ పండగ ఏర్పాట్లున్నాయంటూ వెళ్ళిపోయాడు.

అక్షరాల పండుగనాడు తొమ్మిదిమందీ గోడంత ఎత్తున నిలబడ్డారు. ప్రోదనోవ్ ఉపన్యాసంలో ఉచితం సిస్టం తనకు ముందునుంచీ నచ్చిందని చెప్పాడు. స్తామెనా తెర పక్కన, కుడి చివర తరవాత పదో మనిషిగా నించుని, ఎనిమిదిమంది పేర్లూ ఎలుగెత్తి చదివి, వాళ్ళ పాట ఒక్కతే పాడింది. షెల్ఫుమీద పచ్చదీపం తాళం తప్పుతూనే ఉంది. ఆమె దానివంక ఒకసారి గుర్రుగా చూసి, పోనీలే అనుకుంది.

పండగ అయిన మర్నాడు స్తామెనా మింకో ఇంటికి వెళ్ళింది. తలుపు తట్టలేదు. పలకరించలేదు. తిన్నగా వంటింట్లోకి నడిచి పొయ్యిమీద గిన్నె మూత ఎత్తింది. లోపల నూనెలో నానుతున్న మరలు, రెండు స్ప్రింగులు, ఒక గడియారం ముల్లు ఉన్నాయి.

"తుప్పు వదలాలని నానేశానక్కా" అన్నాడు మింకో, చెంబు దొంగిలిస్తూ దొరికినవాడిలా.

స్తామెనా వంగి వాసన చూసింది.

"ఉప్పు తక్కువ" అని మూత పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు స్తామెనా వంటింటి కిటికీకి పట్టిన ఆవిరికి ఉల్లిపాయల వాసన ఉంది. మధ్యాహ్నానికి ఆమె పెద్ద కుండెడు చిక్కుడు గింజల చారు రెండు చేతులా పట్టుకుని, అడ్డదారి ఉన్నా పెద్దవీధి వెంటే, రాయ్నా గుమ్మం ముందునుంచీ దోబ్రి ఎండ కాచుకునే మెట్ల ముందునుంచీ మింకో ఇంటికి నడిచింది.

"కాస్త ఎక్కువ వండేశాను" అంది గుమ్మంలో నిలబడి.

మింకో చెయ్యి అలవాటుగా కుండ మీదికి వెళ్ళింది. పట్టుకోవడానికి అక్కడేమీ లేక గాల్లో ఆగిపోయింది. స్తామెనా దారి పొడుగునా మూత లేకుండానే తెచ్చింది.

"ఇప్పుడేం చేస్తావురా?"

మింకో కుండలోకి చూశాడు, ఆమెవంక చూశాడు, చెయ్యి దించాడు.

"తింటానక్కా" అన్నాడు.